ఆంగ్ల పఠనావగాహనలో బోద్ధవ్యుని స్థానం: నరసింహారెడ్డి వృత్తాంతం ఆధారంగా ఒక పరిశీలన

ప్రవేశిక

ఆంగ్ల గద్యఖండికను చదివి రచయిత స్వరాన్ని, ఉద్దేశాన్ని గుర్తించడం, అందులోని వాక్యాలను వాస్తవాలుగా, అభిప్రాయాలుగా విడదీయడం నేటి పఠనావగాహన శిక్షణలో ప్రధానాంశాలు. పాఠశాలలో మొదలైన ఈ అభ్యాసం ఉద్యోగ పరీక్షల వరకు విద్యార్థిని వెన్నంటి వస్తుంది. బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన నంద్యాలకు ఆళ్లగడ్డ పరిసరాల్లోని కొత్తపల్లె వంటి పల్లెల నుంచి వచ్చే తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇది భాషాపరీక్ష మాత్రమే కాదు, జీవనోపాధి పరీక్ష కూడ.

ఈ అభ్యాసం ఆంగ్ల శాఖకు చెందినదనీ, తెలుగు పరిశోధనకు దీనితో పని లేదనీ ఒక భావన ఉంది. కాని స్వరం, ఉద్దేశం అనేవి సాహిత్య విమర్శ నుంచి పరీక్షాపత్రంలోకి వెళ్లిన భావనలు. వాటిని అక్కడ ఎలా వాడుతున్నారో పరిశీలించడం సాహిత్య విమర్శ బాధ్యతే. ప్రస్తుత అభ్యాసంలో ఒక ప్రశ్న లోపించింది: ఈ మాట ఎవరికి చెప్పినది? ఆ ప్రశ్న వేయకుండా స్వరాన్ని నిర్ణయించడం ఊహ అవుతుంది; వాస్తవాభిప్రాయ విభజన పైపై వర్గీకరణ అవుతుంది. తెలుగు వాక్యనిర్మాణం ఈ ప్రశ్నను వేయక తప్పని స్థితి కల్పిస్తుంది కనుక, తెలుగు ఆంగ్ల పఠనానికి ఆటంకం కాదు, సాధనం. ఈ ప్రతిపాదనను నంద్యాల ప్రాంతానికే చెందిన ఒక ఆంగ్ల గద్యభాగం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

నాలుగు ప్రశ్నల పూర్వచరిత్ర

ఐ.ఏ. రిచర్డ్స్ 1929లో ప్రకటించిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ గ్రంథంలో అర్థాన్ని నాలుగు విధాలుగా విభజించాడు: వాచ్యం, భావం, స్వరం, ఉద్దేశం. కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు తొలగించిన పద్యాలను ఇచ్చి, వారు రాసిన వ్యాఖ్యలను పరిశీలించి ఆయన ఈ గ్రంథం రాశాడు. ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటి ఉంది. రిచర్డ్స్ దృష్టిలో భావం అంటే వక్తకు విషయం పట్ల ఉన్న వైఖరి. స్వరం అంటే వక్తకు శ్రోత పట్ల ఉన్న వైఖరి. ఈ రెండింటినీ ఆయన వేరుచేసి చెప్పాడు.

నేటి పఠనావగాహన అభ్యాసాల్లో ఈ భేదం దాదాపు చెరిగిపోయింది. స్వరం ఏమిటని అడిగి విమర్శనాత్మకం, ప్రశంసాత్మకం, వ్యంగ్యం, తటస్థం అని వికల్పాలు ఇస్తారు. ఇవన్నీ ప్రధానంగా విషయం పట్ల వైఖరిని సూచించేవే. శ్రోత ఎవరు, అతనితో వక్తకు ఉన్న సంబంధం ఏమిటి అన్న అంశం ప్రశ్నలోంచి తప్పుకొంది. పేరు ‘స్వరం’ అనే మిగిలింది. రిచర్డ్స్ ‘భావం’ అన్నది దాని స్థానంలో కూర్చుంది.

రిచర్డ్స్ పద్ధతికి మరొక వారసత్వం కూడ ఉంది. ఆయన కవి పేరును తొలగించాడు. పరీక్షాపత్రం రచయిత పేరుతో పాటు సాధారణంగా కాలాన్నీ, స్థలాన్నీ, సందర్భాన్నీ తొలగిస్తుంది. తెలుగులో దీనిని ‘అపరిచిత గద్యం’ అంటారు. విద్యార్థి ముందుగా చదవని గద్యం అని దీని భావం. ఐతే ఆ గద్యంలోని విషయం విద్యార్థికి పరిచితమై, రాసినవానికే దూరమైనప్పుడు ఈ పద్ధతి ఏమవుతుంది? ఆ స్థితిని పరీక్షించడానికి తగిన భాగం కర్నూలు జిల్లా మాన్యువల్‌లో ఉంది.

పరిశీలనకు గ్రహించిన భాగం

మద్రాసు ప్రభుత్వం కోసం నరహరి గోపాలకృష్ణమ చెట్టి సంకలనం చేసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో వెలువడింది. అందులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును గురించి ఒక సంక్షిప్త కథనం ఉంది. దాని సారం ఇది:

పదవి పోయిన ఉయ్యాలవాడ పాలెగాడు నరసింహారెడ్డి నెలకు 11 రూపాయల భరణం పొందేవాడు. అతడు నొస్సం జమీందారు జయరామిరెడ్డికి మనుమడు. ఆ కుటుంబానికి నిలిచిపోయిన భరణంలో భాగం ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించినందున తీవ్రమైన ఆశాభంగం పొందాడు. అంతకు కొద్దికాలం ముందే కట్టుబడి ఇనాములను ప్రభుత్వం తిరిగి తీసుకొనే విషయం పరిశీలనలో ఉంది. అతడు కట్టుబడులను కూడగట్టి కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. ఎర్రమల, నల్లమల కొండకోటలలో తలదాచుకొంటూ, కడప, కర్నూలు సైన్యాలు వెంటాడుతున్నా, కోవెలకుంట్ల, కంభం ప్రాంతాలలో విధ్వంసం సాగించాడు. గిద్దలూరు దగ్గర లెఫ్టినెంట్ వాట్సన్‌తో తలపడ్డాడు; కంభం తహసీల్దారును చంపాడు. చివరకు పేరుసోముల సమీపంలోని కొండమీద పట్టుబడ్డాడు. అతన్ని ఉరితీశారు. అతని తల 1877 వరకు కోటలో వేలాడింది.

ఈ కథనం 1846లో మొదలై 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితో ముగిసిన ఘటనలకు చెందినది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన తరువాత పాలెగాండ్ర అధికారాలను తొలగించి భరణాలు ఏర్పరచిన వ్యవస్థ దీనికి నేపథ్యం. గ్రామరక్షణ వంటి సేవలకు ప్రతిఫలంగా భూములు అనుభవించినవారు కట్టుబడులు. తిరుగుబాటు నాటికి కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ ఇప్పుడు భాగాలు.

వాస్తవం, అభిప్రాయం: విభజన పరిమితి

అలవాటైన పద్ధతిలో ఈ భాగాన్ని విడదీస్తే దాదాపు అన్నీ వాస్తవాలుగానే తేలుతాయి. భరణం మొత్తం, వంశసంబంధం, దాడి జరిగిన స్థలం, పోరు జరిగిన ఊరు, తల వేలాడిన కాలం: ఇవన్నీ ఇతర ఆధారాలతో సరిచూడదగినవి. ‘బహుశా’, ‘ఉత్తమం’, ‘దురదృష్టవశాత్తు’ వంటి అభిప్రాయసూచక పదాలు వెతికే విద్యార్థికి ఇక్కడ పని ఉండదు. స్వరం తటస్థం, ఉద్దేశం సమాచారమివ్వడం అని గుర్తుపెట్టి ముందుకు సాగుతాడు. పరీక్షలో ఆ సమాధానానికి మార్కు రావచ్చు. కాని చదవవలసినది అక్కడితో పూర్తికాలేదు.

మొదటిది, కారణాల అమరిక. కథనంలో తిరుగుబాటుకు రెండు కారణాలున్నాయి. ఒకటి వ్యక్తిగతం: భరణం అందలేదన్న ఆశాభంగం. రెండవది సామాజికం: ఇనాములు పోతాయన్న భయం ఒక వర్గమంతటికీ కలగడం. రెండూ వాస్తవాలే. ఐతే మొదటిది నాయకుని మనస్సులోని భావంగాను, రెండవది ప్రభుత్వ కార్యాలయంలో నడుస్తున్న పరిశీలనగాను కనిపిస్తాయి. కట్టుబడులు ఏమనుకొన్నారో చెప్పే వాక్యం లేదు. ఏ వాస్తవాన్ని మనిషికి అంటగట్టారు, దేనిని కార్యాలయానికి వదిలారు అన్న నిర్ణయంలోనే అభిప్రాయం ఉంది.

రెండవది, నామకరణం. సాయుధుల సంచారాన్ని విధ్వంసమనే అర్థం వచ్చే పదంతో పేర్కొన్నప్పుడు ఆ క్రియ వాస్తవమే, పేరు తీర్పు. వెంటాడిన సైన్యం రాకకు అటువంటి తీర్పు గల పదం లేదు. ఒకే వాక్యంలో ఒక పక్షానికి చర్య, మరొక పక్షానికి నేరం దక్కాయి. వాక్యాన్ని మొత్తంగా వాస్తవమనో అభిప్రాయమనో వర్గీకరించే పద్ధతికి ఇది అందదు.

మూడవది, వాస్తవమే నింద చేసే పని. నెలకు 11 రూపాయల భరణం అన్నది లెక్కకు సంబంధించిన విషయం. కాని పదవి పోయినవాడు, భరణం తీసుకొనేవాడు, ఆశపడి భంగపడినవాడు అన్న వరుసలో అది చేరినప్పుడు, ప్రభుత్వ ధనంతో బతుకుతూ ప్రభుత్వంపై తిరగబడినవాడన్న భావాన్ని సిద్ధం చేస్తుంది. మీమాంసకులు అర్థవాదాన్ని గుణవాదం, అనువాదం, భూతార్థవాదం అని మూడుగా విభజించారు. భూతార్థవాదం జరిగిన విషయాన్ని చెబుతుంది. ఇతర ప్రమాణాలతో దానికి విరోధం ఉండదు. ఐనా దాని ప్రయోజనం స్తుతి లేదా నింద. వైదికవాక్య విచారానికి ఏర్పడిన ఈ పరిభాషను మాన్యువల్‌కు యథాతథంగా అన్వయించడం సరికాదు. కాని నిజమైన వాక్యం కూడ స్తుతినిందలకు పనిచేయగలదని గుర్తించిన వర్గం మన శాస్త్రసంప్రదాయంలో ఉందని, పఠనావగాహన విభజనలో అటువంటి వర్గం లేదని చెప్పవచ్చు.

సంకలనకర్త ఒకడే, పాఠకులు ఇద్దరు

ఉద్దేశం, స్వరం గురించిన చర్చలో సంకలనకర్త ఎవరన్నది ముఖ్యమవుతుంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి తెలుగు సాహిత్య చరిత్రకు అపరిచితుడు కాడు. 1872లో వెలువడిన ‘శ్రీరంగరాజ చరిత్రము’ ఆయన రచనే. తొలి తెలుగు నవల ఏదన్న వివాదంలో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’తో పాటు ఈ రచన పేరు కూడ వినిపిస్తుంది. ప్రజల ఆచారవ్యవహారాలను తెలిపే వచన కథనం స్వభాషలో రావాలన్న లార్డ్ మేయో కాలపు ప్రకటన ఆ రచనకు ప్రేరణ అని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయి అందులో నాయిక.

ఒకే వ్యక్తి, పద్నాలుగేళ్ల వ్యవధిలో, తెలుగులో తెలుగు పాఠకునికి ఒక కల్పిత కథనాన్ని, ఆంగ్లంలో ప్రభుత్వానికి ఒక జిల్లా వృత్తాంతాన్ని అందించాడు. కొండలు, అడవుల నడుమ బతికే సమూహంలో మనుషులను పేర్లతో, మాటలతో ఊహించగల శక్తి ఆయనకు ఉందని నవల చెబుతుంది. మాన్యువల్ కథనంలో కట్టుబడులు పేర్లు లేని సమూహంగా మిగిలారు. శక్తి లోపించి ఇలా జరిగిందని అనుకోనక్కరలేదు. చదివేవారు మారారు. జిల్లాకు కొత్తగా వచ్చే అధికారికి కావలసినది శాంతిభద్రతల చరిత్ర. కట్టుబడి మనస్సు కాదు. రచయిత స్వభావాన్ని బట్టి స్వరాన్ని నిర్ణయించబోతే ఈ రెండు గ్రంథాల భేదం అర్థం కాదు. పాఠకుణ్ణి బట్టి చూస్తే వెంటనే అర్థమవుతుంది.

ఆయన దేశీయుడు కనుక స్వరంలో సానుభూతి దాగి ఉందని వాదించడం గాని, ప్రభుత్వోద్యోగి కనుక ద్వేషం ఉందని వాదించడం గాని తొందరపాటే. కథనంలో ఇనాముల ప్రస్తావన ఉండడమే ఒక నిదానానికి గుర్తు. దానిని వదిలేసి ఉంటే తిరుగుబాటు ఒక మనిషి కోపంగానే మిగిలేది. స్వరాన్ని ఒకే విశేషణంతో ముగించవలసిన బహుళైచ్ఛిక ప్రశ్నలో ఈ మిశ్రమానికి చోటు లేదు.

వీరగాథ: అభిప్రాయంలో నిలిచిన వాస్తవం

రేనాడులో నరసింహారెడ్డిపై వీరగాథలు తరతరాలుగా పాడుతున్నారు. తంగిరాల వెంకటసుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ గ్రంథంలో ఈ వీరుణ్ణీ, అదే ఉయ్యాలవాడకు చెందిన దాత బుడ్డా వెంగళరెడ్డినీ కలిపి పరిశీలించారు. పఠనావగాహన కొలతతో చూస్తే వీరగాథ పూర్తిగా అభిప్రాయం: స్వరం ప్రశంసాత్మకం, ఉద్దేశం కీర్తనం. కాని మాన్యువల్ వదిలిన కొన్ని వివరాలు ఈ సంప్రదాయంలోనే నిలిచాయి. వడ్డె ఓబన్న పేరు, గోసాయి వెంకన్న పేరు జనం నోట బతికాయి. భరణం విషయంలో జరిగిన అవమానం లెక్కగా కాక మాటగా వినిపిస్తుంది. మాన్యువల్‌లోని ఆశాభంగానికి, జనశ్రుతిలోని అవమానానికి మధ్య దూరం పెద్దది. మొదటిది డబ్బు అందలేదన్న బాధ. రెండవది మర్యాద పోయిందన్న బాధ. రెండూ ఇతరుని మనస్సును గురించిన నిర్ణయాలే. ఒకటి కార్యాలయ భాషలో ఉన్నందున వాస్తవంలా, మరొకటి పాటలో ఉన్నందున అభిప్రాయంలా కనిపిస్తాయి.

దీన్నిబట్టి పాట నిజమనీ మాన్యువల్ అబద్ధమనీ తేల్చడం మరొక పొరపాటు. వీరగాథలో అతిశయోక్తి ఉంటుంది. శత్రువు పక్షాన ఉన్న సామాన్యుని మరణానికి అందులో విలువ తక్కువ. కంభం తహసీల్దారు కుటుంబానికి ఆ పాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. 2019 అక్టోబరు 2న విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ చలనచిత్రం తరువాత, దేశంలో తొలి స్వాతంత్ర్య సమరయోధుడు నరసింహారెడ్డి అన్న వాక్యం విద్యార్థుల నోట మరింతగా వాస్తవంలా వినిపిస్తోంది. ‘తొలి’ అన్నది కొలత అడిగే మాట. ‘స్వాతంత్ర్య సమరం’ అన్నది నిర్వచనం అడిగే మాట. ఆ రెండూ తేలనంతవరకు అది గౌరవంతో కూడిన అభిప్రాయమే. సొంత ఊరి కథలో కూడ ఈ విచక్షణ చూపగలిగినప్పుడే అభ్యాసం సార్థకమవుతుంది.

బోద్ధవ్యుడు

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ మూడవ ఉల్లాసంలో, మాటకు వాచ్యాన్ని మించిన అర్థం స్ఫురించడానికి కారణమయ్యే వైశిష్ట్యాలను లెక్కించాడు. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం వాటిలో ప్రధానమైనవి. బోద్ధవ్యుడు అంటే మాటను ఎవరికి తెలియజేస్తున్నారో ఆ వ్యక్తి. కాకువు అంటే భావాన్ని బట్టి మారే కంఠధ్వని. నేటి అభ్యాసంలోని స్వరానికి కాకువు దగ్గర పదం. ఐతే మమ్మటుని పట్టికలో కాకువు ఒంటరిగా లేదు. వక్తకు, బోద్ధవ్యునికి, దేశకాలాలకు సరసన ఉంది. పరీక్షాపత్రం మిగిలినవాటిని తొలగించి కాకువును మాత్రమే అడుగుతుంది.

తల 1877 వరకు వేలాడిందన్న వాక్యం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. అందులో విశేషణం లేదు, తీర్పు లేదు, సరిచూడదగిన సంవత్సరం ఉంది. 1886లో దానిని చదివే అధికారికి అది పూర్తయిన దండన వివరం. ఆ ముప్పై ఏళ్లూ కోవెలకుంట్ల సంతకు వచ్చిపోయిన రైతుకు అది ప్రభుత్వం తనకు పంపిన హెచ్చరిక. తలను వేలాడదీయడంలో ఉద్దేశం ఆ రైతును బెదిరించడం. ఆ సంగతిని గ్రంథంలో నమోదు చేయడంలో ఉద్దేశం అధికారికి తెలపడం. ఉద్దేశం ఏమిటన్న ఒక్క ప్రశ్నకు ఇక్కడ రెండు సమాధానాలు ఉన్నాయి. బోద్ధవ్యుడు ఎవరో చెప్పనిదే ఏదీ సరి కాదు. కొత్తపల్లె విద్యార్థి ఆ రైతుకు వారసుడు. పరీక్ష కోసం ఆ అధికారి కుర్చీలో కూర్చుని చదవవలసి వస్తోంది. ఆ కుర్చీ తనది కాదని తెలిసి చదవడం ఒకటి, తెలియక చదవడం మరొకటి.

తెలుగు వాక్యం వేసే ప్రశ్నలు

పైన ఇచ్చిన సారంలో నరసింహారెడ్డికి వాడిన క్రియలన్నీ ‘డు’తో ముగిశాయి: పొందేవాడు, చేశాడు, పట్టుబడ్డాడు. తెలుగులో ఇది తటస్థం కాదు. ఆంగ్ల సర్వనామం ఒక్కటే. తెలుగులో వాడు, అతడు, ఆయన అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. క్రియ కూడ దానిని అనుసరిస్తుంది. అనువదించే విద్యార్థి ‘అతడు పట్టుబడ్డాడు’ అనాలా, ‘ఆయన పట్టుబడ్డారు’ అనాలా అని ఆగిన క్షణంలోనే స్వరం గురించిన నిజమైన ప్రశ్న ఎదురవుతుంది. సంకలనకర్త తెలుగులో రాసి ఉంటే ఏది వాడేవాడు? పాట ఏది వాడుతుంది? విద్యార్థి తనంతట తాను ఏది వాడాలనుకొంటున్నాడు? మూడు సమాధానాలు వేరుకావచ్చు. విద్యార్థి అభిమానం రచయిత స్వరంగా పొరబడే ప్రమాదం ఇక్కడ ఉంది. ఐతే ఆ ప్రమాదం అభ్యాసంలో బయటపడుతుంది. ఆంగ్ల సర్వనామం వెనుక దాగి ఉండదు.

రెండవ సాధనం ‘అట’. ఇతరుల ద్వారా తెలిసిన విషయాన్ని తెలుగు వక్త ‘అట’ చేర్చి చెబుతాడు. ‘ఖజానాపై దాడి చేశాడు’ అన్న వాక్యానికి పత్రాధారం ఉన్నప్పుడు ‘అట’ అవసరం లేదు. ‘తీవ్రమైన ఆశాభంగం పొందాడు’ అన్న వాక్యానికి వచ్చేసరికి తెలుగు చెవి ఆగుతుంది. ఆ సంగతి చెప్పినవానికి ఎలా తెలిసింది? ‘పొందాడట’ అనడమే ఉచితమనిపిస్తుంది. వాస్తవానికి, అభిప్రాయానికి నడుమ విన్నమాట అనే మూడవ వర్గం ఉందని, చరిత్ర కథనంలో ఎంతో భాగం ఆ వర్గానికే చెందుతుందని ఈ చిన్న ప్రత్యయం గుర్తుచేస్తుంది.

మూడవది కర్మణి వాక్యం. ఆంగ్ల కథనంలో పట్టుకొన్నవారు, ఉరితీసినవారు కనిపించకుండా వాక్యం నడవగలదు. తెలుగులో ‘ఉరితీయబడ్డాడు’ అన్నది కృతకంగా వినిపిస్తుంది. ‘ఉరితీశారు’ అనడం సహజం. ఆ బహువచన క్రియ వినగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న పుడుతుంది. కర్త లోపించిన వాక్యంలో కర్తను వెతకడం పఠనావగాహనలో ఉన్నతమైన మెట్టు. తెలుగులోకి తెచ్చిన మాత్రాన విద్యార్థి ఆ మెట్టు మీద నిలుస్తాడు.

ఆక్షేపాలు, సమాధానాలు

ఈ ప్రతిపాదనపై మూడు ఆక్షేపాలు రావచ్చు. మొదటిది, ఖండికలో లేని సమాచారాన్ని ఆధారం చేసుకోరాదన్న పరీక్షానియమం. ఈ నియమం న్యాయమైనదే. లేకపోతే ముందే విషయం తెలిసినవారికి అదనపు లాభం చేకూరుతుంది. ఐతే బోద్ధవ్యుణ్ణి గుర్తించడానికి బయటి సమాచారం తప్పనిసరి కాదు. రచయిత ఏ మాటను వివరించాడు, ఏ మాటను వివరించకుండా వదిలాడు, ఎవరిని పేరుతో, ఎవరిని హోదాతో, ఎవరిని గుంపుగా పేర్కొన్నాడు అన్నవి ఖండికలోనే దొరికే గుర్తులు. పై భాగంలో సైనికాధికారికి హోదా, పేరు రెండూ ఉన్నాయి. చనిపోయిన తహసీల్దారుకు హోదా మాత్రమే ఉంది. కట్టుబడులకు రెండూ లేవు. చదివేవారు ఎవరో ఈ క్రమమే చెబుతుంది.

రెండవది, కాలపరిమితి. ఒక్కో ప్రశ్నకు నిమిషమైనా దొరకని పరీక్షలో ఇంత విచారణ సాధ్యం కాదు. నిజమే. కాని అభ్యాసం, పరీక్ష ఒకటి కావు. తరగతిలో నిదానంగా వేసిన ప్రశ్న పరీక్షలో వేగంగా స్ఫురిస్తుంది. అభ్యాసాన్ని కూడ పరీక్షలాగే గడియారం ముందు నడపడం వల్లనే విద్యార్థి సూచకపదాల వేటకు అలవాటుపడుతున్నాడు.

మూడవది, ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే ఆలోచించాలన్న బోధనాసూత్రం. మాటకు మాట పెట్టే అనువాదం పఠనానికి అడ్డు అన్న మాట కాదనలేము. ఇక్కడ ప్రతిపాదించినది అటువంటి అనువాదం కాదు. సర్వనామం, ‘అట’, కర్త అన్న మూడుచోట్ల మాత్రమే తెలుగులో ఆగి చూడడం. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ఆంగ్లం, తెలుగు ఎదురెదురు పుటలలో ఉండే పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టారు. ఆ రెండు పుటలను ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా చూస్తే విద్యార్థి సులభమైనది చదివి రెండవది వదిలేస్తాడు. ఒకదానితో మరొకదాన్ని పరీక్షించే పుటలుగా వాడితే, తెలుగు పుట ఆంగ్ల పఠనానికి గీటురాయి అవుతుంది.

ముగింపు

స్వరం, ఉద్దేశం, వాస్తవం, అభిప్రాయం అన్న నాలుగు ప్రశ్నలు నిరర్థకమని ఈ పరిశీలన చెప్పడం లేదు. అవి లేకుండా చదివేవాడు ముద్రితమైన ప్రతి వాక్యాన్నీ సమానంగా నమ్ముతాడు. ఐతే ఎవరికి చెప్పినదన్న ప్రశ్న వాటికి ముందు రావాలి. మాన్యువల్ భాగాన్ని ఆ ప్రశ్నతో చదివినప్పుడు, తటస్థంగా కనిపించిన స్వరంలో అధికారికి తెలిపే తీరు, వాస్తవంగా కనిపించిన ఆశాభంగంలో విన్నమాట, సమాచారంగా కనిపించిన ముగింపులో ఒక హెచ్చరిక జ్ఞాపకం బయటపడ్డాయి. వీరగాథను అదే ప్రశ్నతో చదివినప్పుడు, కీర్తనంలో నిలిచిన పేర్లు, కీర్తనంలో మరుగైన మరణాలు రెండూ కనిపించాయి.

ఈ పని ఆంగ్ల అధ్యాపకుడు ఒక్కడే చేయగలిగినది కాదు. తెలుగు సర్వనామాల గౌరవభేదం, ‘అట’ ప్రయోగం, కాకువు, బోద్ధవ్యుడు, భూతార్థవాదం వంటివి తెలుగు శాఖల అధ్యయనవిషయాలు. జిల్లా మాన్యువళ్లు, స్థానిక వీరగాథలు పక్కపక్కన ఉంచి ఖండికలు సిద్ధం చేయగలవారు కూడ ఆ శాఖలలోనే ఉన్నారు. కోవెలకుంట్ల కోటను గురించి ఆంగ్లంలో చదివే కొత్తపల్లె విద్యార్థికి, ఆ గద్యం అపరిచితం కాదని, తాను అందులో ఎక్కడ నిలబడి ఉన్నాడో వెతకడం కూడ అవగాహనలో భాగమేనని తెలియజేయడం తెలుగు అధ్యయనం చేపట్టదగిన పని.